మార్కుల తూకం: అర్థశాస్త్రం డిగ్రీలో సీటు ఎలా నిర్ణయిస్తారు?

పన్నెండో తరగతి ఫలితాలు వచ్చిన రోజున ఇంటికి వచ్చిన వారందరూ అడిగే ప్రశ్న ఒకటే: "మొత్తం ఎంత శాతం వచ్చింది?" మీరు ఒక సంఖ్య చెబుతారు. విన్నవారు మెచ్చుకుంటారు, లేదా ఫరవాలేదని సర్దిచెబుతారు. విశ్వవిద్యాలయం మాత్రం ఆ సంఖ్యను ఉన్నదున్నట్లు తీసుకోదు. మీ మార్కుల జాబితాలో ఏ సబ్జెక్టులను లెక్కలోకి తీసుకోవాలి, వేటిని వదిలివేయాలి, ఏ సబ్జెక్టు తప్పనిసరిగా ఉండాలి, మీ బోర్డు మార్కులను మరో బోర్డు మార్కులతో ఎలా పోల్చాలి అనే విషయాల్లో దానికి సొంత నియమాలు ఉంటాయి. అందువల్ల ఒకే మార్కుల జాబితా ఒకచోట సీటు సంపాదించి పెడుతుంది, మరొకచోట దరఖాస్తు దశలోనే ఆగిపోతుంది.

ఈ పాఠంలో అర్థశాస్త్రం డిగ్రీని ఉదాహరణగా తీసుకొని ఆ నియమాలను పరిశీలిద్దాం. ఈ డిగ్రీ విషయంలో ఒక విచిత్రం ఉంది. అర్థశాస్త్రం చదవబోయేవారికి అర్థశాస్త్రంలో వచ్చిన మార్కులే ముఖ్యమని ఎవరైనా అనుకుంటారు. పేరున్న విద్యాసంస్థలు చాలావరకు మొదట చూసేది మాత్రం గణితాన్ని.

ఓపెన్ స్కూలు విద్యార్థులైన మీకు ఇది మరింత ముఖ్యమైన విషయం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జూనియర్ కళాశాలల్లో గ్రూపులు ముందే కూర్చి ఉండేవి. ఎం.ఇ.సి. తీసుకున్నవారికి గణితం, అర్థశాస్త్రం, వాణిజ్యశాస్త్రం కలిసి వచ్చేవి. సి.ఇ.సి., హెచ్.ఇ.సి. తీసుకున్నవారికి అర్థశాస్త్రం ఉండేది, గణితం ఉండేది కాదు. ఓపెన్ స్కూలులో ఆ కూర్పు మీ చేతిలో ఉంటుంది. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ సీనియర్ సెకండరీ కోర్సులో ఒక భాషతో కలిపి కనీసం ఐదు సబ్జెక్టులు ఎంచుకోవాలి. అర్థశాస్త్రం పక్కన చరిత్ర రాసుకోవచ్చు, గణితమూ రాసుకోవచ్చు. ఎవరూ అడ్డు చెప్పరు, ఎవరూ హెచ్చరించరు కూడా. ప్రవేశ పత్రంలో ఆ గడులు నింపడానికి పట్టేది పది నిమిషాలు. దాని ఫలితం డిగ్రీ దరఖాస్తు రోజున తెలుస్తుంది.

1. బోద్రీ నుంచి చూస్తే

మీరు బోద్రీలో ఉంటున్నారనుకోండి. బిలాస్‌పూర్ నుంచి రాయపూర్ వెళ్లే దారిలో, ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్న ఊరు అది. బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ప్రాంతానికి పట్టాలు వేసింది. రైలు పనుల వెంట ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రమైంది. ఇక్కడి తెలుగు ఇళ్లలో పిల్లలు బడిలో హిందీలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటారు, తెలుగును ఇంట్లోనూ ఇటువంటి పుస్తకాల ద్వారానూ నేర్చుకుంటారు. చదువు విషయంలో సలహా అడిగితే విశాఖపట్నంలోని పెదనాన్న ఇంటర్ గ్రూపుల లెక్క చెబుతారు, పక్కింటివారు ఛత్తీస్‌గఢ్ బోర్డు లెక్క చెబుతారు. ఇద్దరూ తమకు తెలిసినదే చెబుతారు. కానీ మీ లెక్క ఆ రెండింటికీ సరిపోకపోవచ్చు.

బోద్రీలో ఉన్న విద్యార్థికి అర్థశాస్త్రం డిగ్రీ చదవడానికి ముఖ్యంగా నాలుగు దారులు కనిపిస్తాయి.

మొదటిది బిలాస్‌పూర్ శివార్లలో కోనీ వద్ద ఉన్న గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం. ఇది 1983లో రాష్ట్ర విశ్వవిద్యాలయంగా ప్రారంభమై 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. 2022 నుంచి ఇక్కడ డిగ్రీ ప్రవేశాలకు కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష, అంటే అందరూ సి.యు.ఇ.టి. అనే పరీక్ష, ఆధారమైంది.

రెండవది 2012లో ఏర్పడి, తరువాత అటల్ బిహారీ వాజ్‌పేయీ పేరు పెట్టుకున్న బిలాస్‌పూర్ రాష్ట్ర విశ్వవిద్యాలయం. దాని అనుబంధ కళాశాలల్లో బి.ఏ.లో అర్థశాస్త్రం ఒక సబ్జెక్టుగా చదవవచ్చు. అక్కడ పన్నెండో తరగతి మొత్తం శాతం ఆధారంగా ప్రతిభా క్రమం తయారుచేస్తారు. ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్. వంటి ధ్రువపత్రాలు ఉన్నవారికి కొంత అదనపు శాతం కలుపుతారు. హిందీలో దీనిని 'అధిభార్' అంటారు. సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. ఈ పట్టణంలోని ప్రభుత్వ సైన్సు కళాశాలకు ఇ. రాఘవేంద్రరావు పేరు పెట్టారు. బిలాస్‌పూర్‌లో న్యాయవాదిగా పనిచేసి, 1936లో మధ్య పరగణాలకు తాత్కాలిక గవర్నరుగా ఉన్న తెలుగు మూలాల నాయకుడు ఆయన. ఆ కళాశాల బోర్డు ముందు నుంచి రోజూ వెళ్లే తెలుగు పిల్లల్లో ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

మూడవ దారి ఢిల్లీ, హైదరాబాదు వంటి దూరప్రాంతాల్లోని కేంద్రీయ విశ్వవిద్యాలయాలు. నాలుగవది సార్వత్రిక విశ్వవిద్యాలయాలు. ఈ నాలుగు చోట్లా మీ మార్కులకు తూకం నాలుగు రకాలుగా ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగినది ఢిల్లీ విశ్వవిద్యాలయం పద్ధతిపైన. కనుక ముందు దానిని వివరంగా చూద్దాం.

2. మొత్తం శాతమా, నాలుగు ఉత్తమ సబ్జెక్టులా?

ఢిల్లీ విశ్వవిద్యాలయ కళాశాలలు 2021 వరకు బోర్డు మార్కుల మీదనే సీట్లు ఇచ్చేవి. అయితే ఐదు సబ్జెక్టుల మొత్తాన్ని కాక, ఒక భాష, మరి మూడు సబ్జెక్టులు కలిపి నాలుగు ఉత్తమమైన వాటిని తీసుకునేవి. దీనికే 'బెస్ట్ ఫోర్' అని పేరు. ఈ లెక్క ఎలా పనిచేస్తుందో ఇద్దరు విద్యార్థుల మార్కులతో చూద్దాం. ఇవి మన పాఠం కోసం వేసుకున్న అంకెలు.

మొదటి విద్యార్థి: ఇంగ్లీషు 84, అర్థశాస్త్రం 92, గణితం 68, రాజనీతిశాస్త్రం 90, చరిత్ర 94.
రెండవ విద్యార్థి: ఇంగ్లీషు 80, అర్థశాస్త్రం 84, గణితం 90, రాజనీతిశాస్త్రం 78, అకౌంటెన్సీ 88.

ఐదు సబ్జెక్టుల మొత్తం తీసుకుంటే మొదటి విద్యార్థికి 428, అంటే 85.6 శాతం. రెండవ విద్యార్థికి 420, అంటే 84 శాతం. మొదటి విద్యార్థి ముందున్నాడు.

ఇప్పుడు ఏ షరతూ లేకుండా నాలుగు ఉత్తమ సబ్జెక్టులు తీసుకుందాం. మొదటి విద్యార్థి గణితాన్ని వదిలేస్తాడు. 84, 92, 90, 94 కలిపితే 360, సగటు 90 శాతం. రెండవ విద్యార్థి రాజనీతిశాస్త్రాన్ని వదిలేస్తాడు. 80, 84, 90, 88 కలిపితే 342, సగటు 85.5 శాతం. ఇద్దరి మధ్య దూరం పెరిగింది. తక్కువ వచ్చిన సబ్జెక్టును దాచుకునే వీలు మొదటి విద్యార్థికి ఎక్కువ ఉపయోగపడింది.

"ఆ నాలుగింటిలో గణితం తప్పనిసరిగా ఉండాలి" అని ఒక్క వాక్యం చేర్చండి. మొదటి విద్యార్థి ఇప్పుడు 84, 68, 92, 94 తీసుకోవాలి. మొత్తం 338, సగటు 84.5 శాతం. రెండవ విద్యార్థి లెక్క మారదు, 85.5 శాతమే. వరుస తారుమారైంది. ఇద్దరిలో ఎవరి మార్కులూ మారలేదని గమనించండి. మారినది నియమం మాత్రమే.

ఇది కాగితం మీది ఊహ కాదు. 2019లో ఢిల్లీ విశ్వవిద్యాలయం అర్థశాస్త్రం ఆనర్సు విషయంలో సరిగ్గా ఈ వాక్యాన్నే చేర్చింది. అంతకు ముందు గణితంలో ఉత్తీర్ణులై ఉంటే చాలు, నాలుగింటిలో దానిని చేర్చనవసరం లేదు. కొత్త నియమం దరఖాస్తులు మొదలయ్యే వేళకు వెలువడింది. అప్పటికే పన్నెండో తరగతి పరీక్షలు అయిపోయాయి. సబ్జెక్టులను రెండేళ్ల ముందు ఎంచుకున్న విద్యార్థులు ఇక మార్చుకోగలిగింది ఏమీ లేదు. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. విశ్వవిద్యాలయం తన ప్రమాణాలు పెంచుకోవడాన్ని కోర్టు తప్పు పట్టలేదు, ఆ మార్పు చేసిన సమయాన్ని తప్పు పట్టింది. ఆ సంవత్సరం ప్రవేశాలు పాత నియమాల ప్రకారమే జరపాలని 2019 జూన్‌లో ఆదేశించింది. విద్యార్థికి ముందుగా తెలియని నియమంతో అతని మార్కులు తూచడం న్యాయం కాదన్నది ఆ తీర్పులోని సారం. మా దృష్టిలో ప్రవేశాలకు సంబంధించిన తీర్పులన్నిటిలో విద్యార్థులు తప్పక తెలుసుకోవలసినది ఇదే.

3. నూటికి నూరు వచ్చినా చాలని రోజు

మార్కులతోనే సీట్లు ఇచ్చే పద్ధతికి ఒక హద్దు ఉంది. 2011లో ఢిల్లీలోని శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్ ప్రకటించిన మొదటి జాబితాలో, ఇంటర్‌లో వాణిజ్యశాస్త్రం చదవనివారికి బి.కాం. ఆనర్సు కనీస మార్కు 100 శాతం. అప్పట్లో దేశమంతా ఆశ్చర్యపోయింది. పదేళ్లకు, 2021లో, అదే కళాశాల అర్థశాస్త్రం ఆనర్సుకు 100 శాతం అడిగింది. ఇంకొన్ని కళాశాలలు ఇతర సబ్జెక్టులకు కూడా అంతే అడిగాయి.

ఆ సంవత్సరం మార్కులు ఎలా వచ్చాయో గుర్తు చేసుకోండి. కరోనా వల్ల బోర్డు పరీక్షలు రద్దయ్యాయి. కేంద్రీయ బోర్డు పదో తరగతికి 30, పదకొండో తరగతికి 30, పన్నెండో తరగతిలో బడి పెట్టిన పరీక్షలకు 40 చొప్పున పాళ్లు కట్టి మార్కులు తయారుచేసింది. ఆ బోర్డులో 95 శాతం, ఆపైన వచ్చినవారు 2020లో 38,686 మంది. 2021లో వారి సంఖ్య 70,004. ఒక్క సంవత్సరంలో పిల్లల తెలివి రెట్టింపు కాలేదు కదా. కొలబద్ద మారింది.

బోర్డుల మధ్య తేడా కూడా అప్పుడే అందరి కళ్లకూ కనిపించింది. ఒక రాష్ట్రబోర్డు నుంచి నూటికి నూరు తెచ్చుకున్నవారు కొన్ని కోర్సుల్లో ఉన్న సీట్లకంటే ఎక్కువ సంఖ్యలో వచ్చారు. కనీస మార్కు దాటిన వారందరికీ సీటు ఇవ్వాలన్నది నియమం కాబట్టి కళాశాలలు కాదనలేకపోయాయి. మరుసటి సంవత్సరం నుంచి ఢిల్లీ విశ్వవిద్యాలయం బోర్డు మార్కులతో ప్రవేశాలు ఇవ్వడం మానుకుంది.

బోర్డుల తేడాను ఎలా సరిచేస్తారో ఇక్కడ తెలుసుకోవాలి. ఒక బోర్డులో లక్షమంది పరీక్ష రాశారని, అందులో 30,000 మందికి 90 శాతం, ఆపైన వచ్చిందని అనుకుందాం. మరో బోర్డులో 20,000 మంది రాయగా కేవలం 400 మందికే 90 శాతం, ఆపైన వచ్చింది. మొదటి బోర్డులో సరిగ్గా 90 వచ్చిన విద్యార్థి తన తోటివారిలో సుమారు 70 శాతం మందికంటే ముందున్నాడు. రెండవ బోర్డులో 90 వచ్చిన విద్యార్థి 98 శాతం మందికంటే ముందున్నాడు. 90 అనే అంకె ఒకటే, దాని బరువు వేరు. ఇలా వందమందిలో ఎంతమంది మీ వెనుక ఉన్నారో తెలిపే సంఖ్యను పర్సెంటైల్ అంటారు. శాతం మీకు వచ్చిన మార్కులను చెబుతుంది, పర్సెంటైల్ మీ స్థానాన్ని చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి మాట్లాడేవారు చాలామంది. మీరు మాత్రం విడదీసి చూడండి.

4. ప్రవేశ పరీక్ష వచ్చిన తరువాత

2022లో మొదలైన ఉమ్మడి ప్రవేశ పరీక్షతో లెక్క మరో విధంగా మారింది. తెలుగుతో సహా 13 భాషల్లో ఈ పరీక్ష రాయవచ్చు. 2025 పరీక్షలో ప్రతి సబ్జెక్టుకూ 50 ప్రశ్నలు ఇచ్చి 60 నిమిషాల వ్యవధి పెట్టారు. సరైన జవాబుకు 5 మార్కులు కలిపారు, తప్పు జవాబుకు 1 మార్కు తీసివేశారు. అంటే ఒక్కో సబ్జెక్టుకు 250 మార్కులు. ఒక సబ్జెక్టు పరీక్ష వేర్వేరు పూటల్లో జరిగితే, ఒక పూట ప్రశ్నలు సులువుగా, మరో పూట కష్టంగా ఉండవచ్చు. అందుకని పైన చెప్పుకున్న పర్సెంటైల్ సూత్రంతోనే మార్కులను సరిచేస్తారు. సరిచేసిన ఆ మార్కులే ప్రవేశానికి లెక్క.

ఢిల్లీ విశ్వవిద్యాలయం అర్థశాస్త్రం ఆనర్సుకు ఒక భాష, గణితం లేదా అనువర్తిత గణితం, మరి రెండు సబ్జెక్టులు రాయాలని కోరింది. నాలుగింటి మొత్తం మీద ప్రతిభా క్రమం వేస్తారు. ఇక్కడ గణితం నుంచి తప్పించుకునే దారి లేదు. 2019లో కోర్టు ఆపిన వాక్యం ఈసారి ముందుగానే అందరికీ తెలిసేలా నియమంగా నిలిచింది.

ఈ నాలుగింటిలో భాష కూడా ఒకటి. దానికీ గణితానికీ ఒకే బరువు, 250కి 250. ఈ తెలుగు కోర్సు చదువుతున్న మీకు ఇది మంచి మాట. పరీక్షలో ఎంచుకోదగిన భాషల పట్టికలో తెలుగు ఉంది. అయితే ఆ భాషను బోర్డు పరీక్షలో చదివి ఉండాలా లేదా అన్నది ఒక్కో విశ్వవిద్యాలయం ప్రకటనలో ఒక్కో విధంగా ఉంటుంది. ప్రకటన చూడకుండా భాష ఎంచుకోవద్దు.

ఇటువంటి చిక్కు సబ్జెక్టుల విషయంలోనూ ఉంది. 2025లో పరీక్ష నిర్వాహకులు, పన్నెండో తరగతిలో చదవని సబ్జెక్టునైనా ప్రవేశ పరీక్షలో రాయవచ్చని ప్రకటించారు. అది చదివి, "అయితే గణితం ఓపెన్ స్కూలులో తీసుకోకపోయినా ఫరవాలేదు, ప్రవేశ పరీక్షకు చదువుకుంటే చాలు" అనుకున్నవారు ఉన్నారు. కానీ ఢిల్లీ విశ్వవిద్యాలయం, పన్నెండో తరగతిలో చదివి ఉత్తీర్ణులైన సబ్జెక్టులలోనే పరీక్ష రాయాలని తన ప్రకటనలో షరతు పెట్టింది. పరీక్ష పెట్టేవారు ఒకరు, సీటు ఇచ్చేవారు మరొకరు. మొదటివారు అనుమతించినది రెండవవారు అంగీకరించాలని లేదు. గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేసేవారు కూడా, అర్థశాస్త్రానికి ఏ సబ్జెక్టులు రాయాలో ఆ సంవత్సరం ప్రకటనలోని పట్టిక చూసి నిర్ణయించుకోవాలి.

మరి బోర్డు మార్కులకు విలువ పోయినట్లేనా? పోలేదు, పక్కకు జరిగింది. కనీస అర్హత బోర్డు ఉత్తీర్ణతే. ప్రవేశ పరీక్షలో ఇద్దరికి సమానంగా మార్కులు వస్తే ఢిల్లీ విశ్వవిద్యాలయం పన్నెండో తరగతిలోని మూడు ఉత్తమ సబ్జెక్టుల సగటు చూస్తుంది. అదీ సమానమైతే నాలుగు, ఆపైన ఐదు. అప్పటికీ తేలకపోతే పుట్టిన తేదీ చూస్తుంది. లక్షలమంది రాసే పరీక్షలో ఒకే మార్కు దగ్గర ఎందరో నిలుస్తారు కాబట్టి ఈ నియమం చాలామంది విషయంలో ఉపయోగంలోకి వస్తుంది.

రెండింటినీ కలిపి తూచే పద్ధతి కూడా ఒకటి ఉంది. అది తెలుగువారికి కొత్త కాదు. ఎంసెట్‌లో చాలా ఏళ్లపాటు ప్రవేశ పరీక్షకు 75, ఇంటర్ మార్కులకు 25 పాళ్లు ఉండేవి. తెలంగాణ 2023లో ఇంటర్ వెయిటేజీని తీసివేసింది. జాతీయ స్థాయి ఇంజనీరింగు పరీక్ష జె.ఇ.ఇ. మెయిన్‌లో 2013 నుంచి 2016 వరకు 60, 40 పాళ్లు ఉండేవి. ఈ విధంగా పాళ్లు కట్టి తీసే సగటును భారిత సగటు అంటారు. ప్రవేశ పరీక్షలో 90, బోర్డులో 70 వచ్చిన విద్యార్థికి 60, 40 పాళ్లలో 54, 28 కలిపి 82 వస్తాయి. ప్రవేశ పరీక్షలో 80, బోర్డులో 90 వచ్చినవారికి 48, 36 కలిపి 84. ఒక్క ప్రవేశ పరీక్షనే చూస్తే మొదటివారు, కలిపి చూస్తే రెండవవారు. సంవత్సరమంతా నిలకడగా చదివేవారికి ఒక పద్ధతి, ఒక్కరోజు చురుకుగా రాసేవారికి మరొక పద్ధతి అనుకూలం. ఇందులో పూర్తిగా న్యాయమైన పద్ధతి ఏదని అడిగితే సమాధానం చెప్పడం కష్టం.

5. గణితం ఎందుకు అడుగుతారు?

అర్థశాస్త్రం పుస్తకంలో మీరు ఉపాంత వ్యయం అనే మాట చదివే ఉంటారు. ఒక వస్తువును అదనంగా తయారుచేస్తే పెరిగే ఖర్చు అది. పన్నెండో తరగతిలో పట్టిక చూసి ఒక వరుసలోని అంకె నుంచి పై వరుసలోని అంకె తీసివేస్తాం. డిగ్రీలో అదే ఖర్చును సమీకరణంగా ఇస్తారు. మొత్తం వ్యయం 100 + 5క + క² అనుకోండి, ఇందులో 'క' అంటే తయారైన వస్తువుల సంఖ్య. దీనిని అవకలనం చేస్తే ఉపాంత వ్యయం 5 + 2క అవుతుంది. పది వస్తువుల దగ్గర అది 25. కలనగణితం వచ్చినవారికి ఇది ఒక పంక్తి పని. రానివారు మొదటి నెలలోనే ఆగిపోతారు. డిమాండు వ్యాకోచత్వం, లాభాల గరిష్ఠీకరణ, ఆపైన గణాంక శాస్త్రం, అర్థమితి అన్నీ ఈ దారిలోనే వస్తాయి. విశ్వవిద్యాలయాలు గణితం మార్కులు అడగడం వెనుక ఉన్న కారణం ఇదే. అర్థశాస్త్రంలోని ప్రాథమిక భావనలను తరగతిలో మొదటి నుంచి చెప్పగలమని, కలనగణితాన్ని మొదటి నుంచి చెప్పే తీరిక లేదని అధ్యాపకుల వాదన.

ఇది మన దేశానికే పరిమితమైన ఆలోచన కాదు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ తన బి.ఎస్సి. అర్థశాస్త్రానికి అక్కడి ఏ-లెవెల్ పరీక్షలో మూడు సబ్జెక్టులకు ఎ-స్టార్, ఎ, ఎ గ్రేడ్లు అడుగుతుంది. ఆ ఎ-స్టార్ గణితంలోనే రావాలి. ఏ-లెవెల్‌లో అర్థశాస్త్రం చదివి ఉండాలన్న షరతు మాత్రం లేదు. బ్రిటన్‌లో మరో విశేషం, ఫలితాలు రాకముందే ఉపాధ్యాయులు అంచనా వేసిన గ్రేడ్లతో దరఖాస్తు చేస్తారు. 2020లో పరీక్షలు రద్దయినప్పుడు ఆ అంచనాలను ఒక గణిత సూత్రంతో, బడి పాత ఫలితాలను కూడా కలిపి సవరించారు. ఇంగ్లండులో దాదాపు నూటికి నలభై గ్రేడ్లు తగ్గాయి. తమ బడిలో పూర్వం చదివినవారి ఫలితాలకు తామెందుకు బాధ్యులమని పిల్లలు వీధుల్లోకి వచ్చారు. ఆగస్టు 17న ప్రభుత్వం ఆ సూత్రాన్ని విరమించుకొని ఉపాధ్యాయుల అంచనాలనే అంగీకరించింది.

6. గణితం తీసుకోనివారి సంగతి

ఈ పాఠం చదివే సమయానికే మీరు గణితం లేకుండా సబ్జెక్టులు ఎంచుకొని ఉండవచ్చు. లేదా హెచ్.ఇ.సి.తోనో, హిందీ మాధ్యమం ఆర్ట్స్ గ్రూపుతోనో పన్నెండు పూర్తి చేసి ఉండవచ్చు. దారులన్నీ మూసుకుపోలేదు. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థలో, పూర్తి కోర్సు కాకుండా కావలసిన సబ్జెక్టులు మాత్రమే చదివే పాక్షిక ప్రవేశం అనే ఏర్పాటు ఉంది. దాని ద్వారా గణితం ఒక్కటే రాసి ఉత్తీర్ణులు కావచ్చు. అక్కడి సీనియర్ సెకండరీ గణితం సంఖ్య 311, అర్థశాస్త్రం సంఖ్య 318. అయితే వేరే మార్కుల జాబితాలో ఉన్న గణితాన్ని పన్నెండో తరగతి సబ్జెక్టుగా అంగీకరిస్తారా అని మీరు చేరదలచిన విశ్వవిద్యాలయ ప్రవేశాల విభాగాన్ని ముందే ఉత్తరం రాసి అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి. కిటికీ దగ్గర నోటిమాటగా చెప్పినదానికి తరువాత ఎవరూ బాధ్యత వహించరు.

గణితం చదవాలని లేనివారికి బిలాస్‌పూర్ కళాశాలల బి.ఏ. ఉంది. అక్కడ ఆర్ట్స్ విద్యార్థులు కూడా అర్థశాస్త్రం తీసుకుంటారు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది, దాని ప్రాంతీయ కేంద్రం రాయపూర్‌లో ఉంది. అక్కడ పన్నెండు ఉత్తీర్ణులైతే చాలు, మార్కుల పోటీ లేదు. ఈ ఆలోచనకు తెలుగునాట గట్టి పునాది ఉంది. 1982లో హైదరాబాదులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి డా. బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, దేశంలో ఆ కోవకు చెందిన మొదటి విశ్వవిద్యాలయం. ఇంటర్ చదవనివారికి కూడా ఒక అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకునేది. అక్కడ పాత మార్కులకు బరువే లేదు. కూలికి వెళ్తూ, ఉద్యోగం చేస్తూ తెలుగు మాధ్యమంలో అర్థశాస్త్రంతో బి.ఏ. పూర్తిచేసినవారు ఎందరో ఆ తలుపు గుండానే వచ్చారు.

రాష్ట్రం దాటి వచ్చిన కుటుంబాలవారు మార్కులతోపాటు మరో కాగితం కూడా సరిచూసుకోవాలి. రిజర్వేషన్ వర్గాలకు కనీస మార్కులు వేరుగా ఉంటాయి. కానీ షెడ్యూల్డు కులాలు, తెగల జాబితాలు రాష్ట్రాల వారీగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉన్నా, మరో రాష్ట్రానికి వలస వెళ్లినవారు ఆ రాష్ట్రపు కోటా కోరలేరని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు వేసినది కూడా ఆంధ్రప్రదేశ్ నుంచి బొంబాయి వెళ్లిన కుటుంబంలోని విద్యార్థే. రాష్ట్ర కళాశాలకూ కేంద్రీయ విశ్వవిద్యాలయానికీ ఈ నియమాలు ఒకే విధంగా వర్తించవు. దరఖాస్తులో వర్గం గడి నింపేముందు రెండు చోట్లా విడివిడిగా విచారించండి.

అభ్యాసం

ఒక విద్యార్థినికి హిందీ 80, ఇంగ్లీషు 78, అర్థశాస్త్రం 88, గణితం 61, భూగోళం 83 వచ్చాయి. ఆమె తరువాతి పరీక్షలో ఒక్క సబ్జెక్టు మాత్రమే మెరుగుపరచుకోగలదు. కష్టపడితే అర్థశాస్త్రం 88 నుంచి 96కు, లేదా గణితం 61 నుంచి 75కు పెంచుకోగలదు. ఒక భాష, గణితం, మరి రెండు సబ్జెక్టులు కలిపి సగటు తీసే చోట ఆమె ఏది ఎంచుకోవాలి? జవాబు చూడకముందు మీరే లెక్క వేయండి.

జవాబు: ఇప్పటి లెక్క 80, 61, 88, 83 కలిపి 312, సగటు 78 శాతం. అర్థశాస్త్రం 96 అయితే మొత్తం 320, సగటు 80 శాతం. గణితం 75 అయితే మొత్తం 326, సగటు 81.5 శాతం. గణితమే ఎంచుకోవాలి. ఐదు సబ్జెక్టుల మొత్తం చూసే కళాశాలలో కూడా వరుస ఇదే. కానీ లాభం తగ్గుతుంది. అక్కడ గణితంలో పెరిగిన 14 మార్కులు ఐదు భాగాలై 2.8 శాతం మాత్రమే కలుపుతాయి, నాలుగింటి సగటులో అవే మార్కులు 3.5 శాతం కలుపుతాయి.